అమ్మ పుట్టినరోజు పూలు

ఈసారి అమ్మ పుట్టినరోజుకు పూలు కొయ్యడానికి రానని నవీన తండ్రికి ఫోనులో చెప్పేసింది. అవతల రామలింగేశ్వరరావు, "సరేలేమ్మా, నీకెలా బాగుంటే అలాగే" అని మాత్రం అన్నాడు. ఆయన కోప్పడి ఉంటే నవీనకు కొంచెం తేలికగా ఉండేది.

వాళ్ళ ఇల్లు వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్ అనే ఊళ్ళో, రైల్వే స్టేషనుకు దగ్గరగా ఉంటుంది. రామలింగేశ్వరరావు వెల్లింగ్టన్‌లో ఒక ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ల పని చూస్తాడు. అంత పొడుగు పేరు పలకలేక ఆఫీసులో అందరూ రామ్ అంటారు. భార్య ఉషశ్రీది కడియం. నర్సరీల మధ్య పుట్టి, మొక్కలకు నీళ్ళు పోస్తూ పెరిగిన మనిషి. ఋతువులు తలకిందులుగా ఉండే ఈ దేశం వచ్చాక చాలాకాలం అద్దె ఇళ్ళలో కుండీలతో సరిపెట్టుకుంది. సొంత ఇల్లు కొన్నాక సోఫా కొనకముందే పార కొంది. చలి మొదలయ్యే ఏప్రిల్‌లో కంచె పొడుగునా డాఫడిల్ పూల దుంపలూ, వాటి ముందు ఫ్రీజియా దుంపలూ పాతింది. శీతాకాలం పోయి సెప్టెంబరు వచ్చేసరికి కంచె పక్కంతా పసుపుపచ్చగా మారిపోయింది. ఫ్రీజియాల వాసన వీధిలోకి వచ్చింది. ఆమె పుట్టినరోజు సెప్టెంబరులోనే. "మా ఊళ్ళో నా పుట్టినరోజుకి వానలూ బురదానూ. ఇక్కడ చూడండి, ఊరంతా అలంకరించి పెట్టారు" అని మొగుడితో గొప్పగా చెప్పుకునేది. ఫ్రీజియాలను దారంతో మాల కట్టి, జడలో పెట్టుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్ళేది. పక్కన నడవడానికి చిన్నప్పుడు నవీన సిగ్గుపడేది.

నవీనకు పదహారేళ్ళప్పుడు ఉషశ్రీ క్యాన్సర్‌తో పోయింది. అది జూన్ నెల, చలి బాగా ముదిరిన రోజులు. ఆ ఆగస్టు చివర, ఎండ కాస్త మొహం చూపించిన ఒక ఆదివారం, రామలింగేశ్వరరావు పెరిగిపోయిన గడ్డి కోద్దామని మోవర్ బయటికి తీశాడు. తోట సంగతి ఆయనకు ఏనాడూ పట్టలేదు. కంచె పక్కగా కోసుకుంటూ కొంత దూరం పోయాక, చక్రాల వెనక లేత ఆకులూ ఇంకా విచ్చని మొగ్గలూ తెగిపడి కనిపించాయి. మోవర్ ఆపేసి తడి గడ్డి మీదే కూలబడ్డాడు. నవీన కిటికీలోంచి చూసి పరుగెత్తుకొచ్చింది.

"మీ అమ్మవి. చూసుకోకుండా కోసేశాను" అన్నాడు.

తల్లి పోయాక తండ్రి ఏడవడం నవీన చూసింది అప్పుడే. ఇద్దరూ కలిసి మిగిలిన మొలకల చుట్టూ కర్రలు పాతి తాడు కట్టారు. పుట్టినరోజు నాటికి ఆ మిగిలినవే బాగా పూశాయి. ఆ రోజు ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. పాయసం చెయ్యబోయి మాడ్చారు. చివరికి పూలు కోసి కొన్ని ఫొటో దగ్గర పెట్టి, మిగిలినవి ఉషశ్రీ చివరి రోజులు గడిపిన హాస్పీస్‌కు తీసుకెళ్ళారు. ఇక మందులు పనిచెయ్యని మనుషులను నొప్పి తెలియకుండా చూసుకునే చోటు అది. నర్సులు వాళ్ళను గుర్తుపట్టి, గ్లాసుల్లో నీళ్ళు పోసి గది గదికీ పూలు పెట్టించారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ అదే వాళ్ళిద్దరి పండుగ అయింది. ఆ రోజు ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు. మాట్లాడుకోవలసిన అవసరం లేదని నవీన అనుకునేది.

కామిని వాళ్ళకు పరిచయమైంది కూడా అక్కడే, పోయిన సెప్టెంబరులో.

కామిని వాళ్ళది ఫీజీ. ముత్తాతలు తెలుగునాట నుంచి చెరకు తోటల పనికి అక్కడికి వెళ్ళారట. ఇంట్లో అందరిదీ ఫీజీ హిందీయే. పెళ్ళి చేసుకోలేదు, ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తూ తల్లిని చూసుకునేది. ఆ తల్లి హాస్పీస్‌లో కిటికీ పక్క మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. చాలా రోజులుగా ఆమె నోట మాట లేదు. నవీన గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "నాన్నా, పువ్వులు ఎక్కడ పెట్టను?" అని అడిగింది. ముసలామె కళ్ళు తెరిచింది.

"పువ్వు" అంది. చెయ్యి మెల్లగా ఎత్తి తన తల చూపించింది.

నవీనకు అర్థమైంది. ఒక ఫ్రీజియా రెమ్మ తుంచి ఆమె తెల్లజుట్టులో దోపింది. కామిని మంచం దగ్గరికి వచ్చి తల్లి మొహంలోకి చూసింది. తల్లి తెలుగు మాట పలకడం ఆమె ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర విన్న మాట అయి ఉంటుందని తర్వాత చెప్పింది. ముసలామె అక్టోబరులో పోయింది. ఆ కబురు చెప్పడానికి కామిని ఫోన్ చేసింది. అంత్యక్రియలకు తండ్రీ కూతుళ్ళిద్దరూ వెళ్ళారు. ఆ తర్వాత కూడా తండ్రి కామినితో మాట్లాడుతున్నాడని నవీనకు తెలియదు. అప్పటికే ఆమె యూనివర్సిటీ చదువు కోసం వెల్లింగ్టన్‌లో స్నేహితులతో ఒక ఫ్లాట్‌లో ఉంటూ, ఆదివారాలు మాత్రం రైలెక్కి ఇంటికి వచ్చేది.

ఈ ఏడు జూన్‌లో ఒక మధ్యాహ్నం రామలింగేశ్వరరావు ఆఫీసు నుంచి కూతురి దగ్గరికి వచ్చి, సముద్రం ఒడ్డున నడుద్దామన్నాడు. గాలికి మాటలు వినబడక ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. కామినిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాడు. నీకు ఇష్టమైతేనే, అన్నాడు.

"నీ లైఫ్, నీ ఇష్టం నాన్నా. నాకు క్లాస్ ఉంది" అని నవీన వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆమెకు క్లాస్ లేదు. అప్పటి నుంచి ఆదివారాలు ఇంటికి రావడం తగ్గించింది. తండ్రి ఒంటరిగా ఉండాలని ఆమె కోరుకోలేదు. ఎవరినైనా ఆఫీసులోనో స్నేహితుల ఇంట్లోనో కలిసి ఉంటే ఓర్చుకునేదేమో. అమ్మ పూలు పట్టుకుని వెళ్ళిన చోట, తన చేతుల్లోని పూల వల్లే అది జరిగిందన్న సంగతి మింగుడుపడలేదు.

పుట్టినరోజు శనివారం వచ్చింది. తెల్లవారగానే నవీన మనసు మార్చుకుంది. పూలన్నీ తనే కోసి తన గదికి తెచ్చుకోవాలని నిశ్చయించుకుంది. అప్పుడు వాటిని ఎవరూ ఎవరికీ ఇవ్వడానికి ఉండదు. రైలు దిగి ఇంటికి నడిచి వెళ్ళేసరికి కారు ఆవరణలోనే ఉంది, కిటికీ తెరలు ఇంకా వేసే ఉన్నాయి. ఆమె తలుపు తట్టలేదు. షెడ్డులోంచి బకెట్టూ కత్తెరా తీసుకుని కంచె ఈ చివర నుంచి మొదలుపెట్టింది. విచ్చినవీ, సగం విచ్చినవీ, మొగ్గలూ అన్నీ కోసింది. కంచె ఆ చివరకు వచ్చేసరికి వెనక ఆకులు తప్ప ఏమీ మిగలలేదు. బకెట్టు నిండి ఒలికిపోతోంది. నవీనకు సంతోషం మాత్రం కలగలేదు.

అప్పుడు గేటు దగ్గర కారు ఆగింది. కామిని దిగింది, చేతిలో స్టీలు క్యారియర్. నవీనను చూసి గేటు బయటే నిలబడిపోయింది. మీ నాన్నకు మొన్నటి నుంచీ జ్వరం, నీకు చదువుల ఒత్తిడి ఉంటుందని చెప్పవద్దన్నారు, అంది ఇంగ్లీషులో. సూప్ ఇచ్చి వెళ్ళిపోతానంది. తర్వాత బకెట్టు వైపు చూసి, రామలింగేశ్వరరావు దగ్గర నేర్చుకున్న మాటలు కూడబలుక్కుంటూ తెలుగులో అడిగింది.

"రెండు పువ్వులు ఇస్తావా, నవీనా? మా అమ్మకి."

మీ నాన్నను అడిగితే ఆ పూలు నీవీ మీ అమ్మవీ, నిన్నే అడగమన్నారు. అడగడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు, అని మళ్ళీ ఇంగ్లీషులో చెప్పింది. తల్లి ఫొటో దగ్గర వేరే పూలు పెడితే ఆమెకు ఏదో వెలితిగా ఉంటోందట.

నవీన బకెట్టు వైపు చూసుకుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా తల్లి పోయిన కూతురేనన్న ఆలోచన ఆమెకు ఇన్ని నెలల్లో ఒక్కసారీ రాలేదు. గేటు తీసి, "రండి ఆంటీ" అంది. రెండు అడిగితే పెద్ద గుత్తి తీసి చేతిలో పెట్టింది.

లోపల రామలింగేశ్వరరావు మందు వేసుకుని నిద్రపోతున్నాడు. సూప్ పొయ్యి మీద పెట్టి ఇద్దరూ వంటింట్లో కొంచెంసేపు ఇబ్బందిగా నిలబడ్డారు. బకెట్టు నిండా పూలున్నాయి, హాస్పీస్‌లో ఈ రోజు ఎదురుచూస్తూ ఉంటారు. నవీనకు కారు లేదు. కామిని తీసుకెళ్తానంది.

కారులో నవీన బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నది వంతెన దాటాక కామిని చిన్నగా నవ్వుతూ, ఈ పూలను చూస్తే నాకు మీ నాన్న ఉప్మా గుర్తొస్తుంది, అంది.

"ఏ ఉప్మా?" అని నవీన అడిగింది.

కామిని ఆశ్చర్యపోయి చూసి, తను విన్నది చెప్పింది. మొదటిసారి దుంపలు కొన్నప్పుడు ఉషశ్రీ ఆ సంచీని వంటింటి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. రామలింగేశ్వరరావు భార్యకు సాయం చేద్దామని ఉల్లిపాయలనుకుని రెండు దుంపలు సన్నగా తరిగి ఉప్మా తాలింపులో వేశాడు. ఆమె వచ్చి మూకుడు చూసి కెవ్వుమని, విషం, విషం అంటూ మూకుడుతో సహా పెరట్లోకి విసిరేసింది. పక్కింటాయన కంచె మీంచి తొంగిచూసి, అంతా క్షేమమేనా అని అడిగితే, ఉషశ్రీ తనకు తెలిసిన కొద్ది ఇంగ్లీషులో, "హజ్బెండ్ కుకింగ్" అని చెప్పిందట.

నవీన పకపకా నవ్వింది. నవ్వుతూనే ఉండగా కళ్ళు నిండిపోయాయి. "నాకెప్పుడూ చెప్పలేదు" అంది.

కామిని కారు పక్కకు తీసి ఆపింది. మీ నాన్న నాతో మాట్లాడే మాటల్లో సగం మీ అమ్మ గురించే, అని చెప్పింది. నీతో చెబితే నువ్వు ఏడుస్తావని ఆయనకు భయం. నేను మా అమ్మ గురించి చెబుతాను, ఆయన మీ అమ్మ గురించి చెబుతారు, మేము స్నేహితులమైంది అలాగే, అంది. నవీన జేబురుమాలుతో మొహం తుడుచుకుని, వెళ్దాం పదండి అంది.

హాస్పీస్ దగ్గర కారు ఆపాక కామిని దిగలేదు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. తల్లి పోయాక ఆమె ఇక్కడికి రాలేదు. నువ్వు వెళ్ళిరా, నేను ఇక్కడే ఉంటాను, అంది. నవీన బకెట్టు కింద పెట్టి అటువైపు వెళ్ళి కారు తలుపు తెరిచింది.

"మొదటిసారి నేనూ నాన్నా కూడా కారులోనే కూర్చుండిపోయాం ఆంటీ. లోపలికి వెళ్ళాక అంత కష్టంగా ఉండదు. నాతో రండి" అని చెయ్యి పట్టుకుంది.

నర్సులు ఎప్పటిలా గ్లాసులు తెచ్చారు. ఇద్దరూ గది గదికీ వెళ్ళారు. కామిని తల్లి ఉన్న గదిలో ఇప్పుడు ఒక ముసలి రైతు ఉన్నాడు. వాళ్ళు పూలు కిటికీ దగ్గర పెట్టబోతే, అక్కడ కాదు, దగ్గరగా పెట్టండి, నాకు చూపు సరిగా ఆనదు, వాసన తెలియాలి, అన్నాడు. కామిని ఫ్రీజియాలు ఏరి ఆయన దిండు పక్కన పెట్టింది. తన ఊరి గురించీ ఆవుల గురించీ ఆయన చాలాసేపు చెప్పాడు. కామిని మంచం పక్క కుర్చీలో కూర్చుని అంతా విన్నది.

ఇంటికి వచ్చేసరికి రామలింగేశ్వరరావు దుప్పటి కప్పుకుని వంటింట్లో కూర్చున్నాడు. బోసిపోయిన కంచెను కిటికీలోంచి అప్పటికే చూశాడు. ఇద్దరూ కలిసి లోపలికి రావడం చూసి లేవబోయాడు. నవీన ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం వస్తే తనకు చెప్పాలని మందలించింది. తర్వాత ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఉప్మా సంగతి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కామిని వైపు చూసి, మళ్ళీ కూతురి వైపు చూశాడు. "అమ్మ పేరెత్తితే నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి. నువ్వు బాధపడతావని నేనే మానేశాను తల్లీ."

"ఇప్పుడు వెళ్ళను. ఏడ్చినా ఇక్కడే కూర్చుంటాను. చెప్పు."

కామిని హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని బయల్దేరబోయింది. సూప్ ముగ్గురికీ సరిపోతుంది, కూర్చోమని నవీన ఆమెకు కుర్చీ జరిపింది. రామలింగేశ్వరరావు చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళిచూపుల్లో ఉషశ్రీ తనను అడిగిన ఒకే ఒక ప్రశ్న, విమానంలో నవీన ఏడుపు ఆపడానికి ఆమె పాడిన పాట, ఇక్కడి గాలికి గొడుగు తిరగబడి ఆమె తిట్టిన తిట్లు. కొన్నిచోట్ల నవీన ఏడ్చింది, కొన్నిచోట్ల ఆయన ఆగిపోయాడు. సూప్ రెండుసార్లు వేడి చేసుకున్నారు.

నవంబరులో రిజిస్ట్రీ ఆఫీసులో పెళ్ళి జరిగింది. సాక్షి సంతకాల్లో ఒకటి నవీనే పెట్టింది. ఆదివారాలు మళ్ళీ రైలెక్కి ఇంటికి వస్తోంది. కామినిని ఇప్పటికీ ఆంటీ అనే పిలుస్తుంది. ఆ పిలుపు మార్చమని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.