గంటా ఇరవై నిమిషాలు

పోయిన అక్టోబరు పంతొమ్మిది, ఆదివారం, దీపావళికి ముందు రోజు. ఆ సాయంత్రం మేం నలుగురం మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తిన్నాం. తేదీ ఇంత గట్టిగా గుర్తుండిపోవడానికి ఐస్‌క్రీం కారణం కాదు. ఆ కప్పుల మధ్య రెండు కార్ల బొమ్మల పుస్తకాలు పరుచుకుని, నా రోజులో ఒక గంటను ఏం చేయాలో మావాళ్ళు నా ముందే తేల్చేశారు.

రెండూ కరెంటు బళ్ళే, రెండూ పెద్దవే, రెండూ ఖరీదైనవే. వాటి పేర్లు నాకు నోరు తిరగవని మా అబ్బాయి హర్ష నవ్వుతాడు. అందుకని నేను తెల్లది, నీలంది అంటాను. తెల్లదానిలో సీట్లు వీపు పిసుకుతాయి. నీలంది కన్ను మూసి తెరిచేలోగా వందకు చేరుతుంది. ఆబిడ్స్‌లో, కోఠిలో కలిపి మూడు కళ్ళద్దాల షాపులున్న మనిషి దిగాల్సింది తెల్లదాంట్లోంచే అని మా ఆయన శశికిరణ్ అభిప్రాయం. హర్షకు నీలంది కావాలి. మా అత్తగారు శేషారత్నం గారిని కూడా అడిగారు.

"ఏ బండికి మెట్టు తక్కువైతే అది తీసుకోండర్రా," అన్నారావిడ, మనవడి కప్పులోంచి ఒక చెంచా తీసుకుంటూ. షుగరుంది కాబట్టి ఆవిడ తనకంటూ కప్పు చెప్పించుకోరు.

అంతకు ముందు షోరూంలో దివ్యశ్రీ అనే అమ్మాయి, "మేడమ్, మీకు ఏది నచ్చింది?" అని నన్ను అడిగింది. జవాబు మా ఆయన చెప్పారు. "వల్లీకి ఏదైనా ఒకటేనమ్మా."

ఈ మాట ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను. కూర ఏదైనా, సినిమా ఏదైనా, కర్టెన్లు ఏ రంగువైనా వల్లీకి ఒకటే. పెళ్ళయిన కొత్తలో ఆ మాట నా మంచితనానికి ఇచ్చిన సర్టిఫికెట్‌లా అనిపించేది. మా అమ్మతో ఫోన్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. నాగవల్లి అనే మనిషికి అన్నీ ఒకటి కాదని, వంకాయకూ బీరకాయకూ మధ్య తేడా తనకు బాగా తెలుసని చెప్పడం ఆ తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియలేదు.

"నాన్నా, ఒక ప్రాబ్లమ్ ఉంది," అన్నాడు హర్ష. "తెల్లది ఛార్జింగ్‌కు గంటా ఇరవై నిమిషాలు పడుతుందట. నీలంది ముప్పై అయిదే."

"పడితే ఏంట్రా? అక్కడ మనం కూర్చోవాలా ఏంటి?" అన్నారాయన. మా అపార్ట్‌మెంటు ముప్పై ఎనిమిదేళ్ళ నాటిది. సెల్లార్‌లో ఛార్జర్ పెట్టడానికి అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోలేదు. "నాంపల్లిలో మీ అమ్మ ఆఫీసు పక్క సందులోనే ఉంది కదా ఛార్జింగ్ పాయింట్. రోజూ కారు తనే తీసుకెళ్తుంది. ఆరింటికి ఆఫీసు దిగి, వారానికి రెండు రోజులు అక్కడ పెట్టుకుని, నిండాక వచ్చేస్తుంది. ఇంక ఆ నడిచి రావడం తప్పుతుంది. నిజానికి నీకోసమే కొంటున్నా వల్లీ, తెలుసా?"

"ఏడున్నర దాటుతుందేమోరా. మరి టిఫిన్?" అన్నారు అత్తగారు.

"వచ్చి చేస్తుందిలే అమ్మా."

హర్ష తన ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. "యాప్ చూడమ్మా. బండి ఎక్కడుందో, ఎన్నింటికి స్టార్టయిందో, ఎవరు డోర్ తీశారో అన్నీ మా ఫోన్లలో కనబడతాయి. నువ్వు ఫోన్ చేసి చెప్పక్కర్లేదు, బయల్దేరానని."

నా చేతిలో ఐస్‌క్రీం కరిగి కప్పు మెత్తబడింది.

ఇప్పుడొక నిజం చెప్పాలి. మా ఆఫీసు ఆరింటికి వదలరు. ఐదింటికే వదులుతారు. మూడేళ్ళ క్రితం దాకా నేనున్న సెక్షన్‌లో పని ఎక్కువ, ఆరయ్యేది. వేరే సెక్షన్‌కు మార్చిన రోజు ఇంటికి వచ్చి ఆ సంతోషం చెబుదామనే అనుకున్నాను. చెప్పులు విడుస్తుంటే అత్తగారు హాల్లోంచి అన్నారు, "నువ్వో గంట ముందొస్తే వాడికి షాపుకు వేడివేడిగా ఏదైనా పంపొచ్చు కదే." చెప్పులు పక్కకు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు.

ఆ గంట నేను నాంపల్లి స్టేషన్‌లో కూర్చుంటాను. ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని, చివరి ఫ్యాను కింద బెంచీ మీద. పార్కులో ఒంటరిగా కూర్చున్న ఆడదాన్ని చూసేవాళ్ళుంటారు. హోటల్లో అయితే ఇంకేం కావాలని పదే పదే అడుగుతారు. స్టేషన్‌లో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు, ఎవరికోసమో చూస్తోందనుకుంటారు. అక్కడ ఏం చేస్తావంటే ఏమీ చేయను. పుస్తకం చదవను, ఫోన్ చూడను. రేపటి కూర గురించి కూడా ఆలోచించను. బెజవాడ బండి ఎక్కేవాళ్ళు మూటలు లెక్కపెట్టుకుంటుంటారు. ఎవరో పిల్లకు జడ వేస్తుంటారు. వాళ్ళెవరికీ నాతో పని లేదు. లేచేసరికి, సాయంత్రం వంటకు సరిపడా మనిషినవుతాను.

దీపావళి మర్నాడు మంగళవారం ఆ బెంచీ మీద కూర్చుంటే సమ్మక్క వచ్చింది. ఆమె ప్లాట్‌ఫారం ఊడుస్తుంది. తన కొంగుతో బెంచీ తుడిచి మరీ నన్ను కూర్చోమనే మనిషి.

"ఏందమ్మా, పండుగ జేసుకోలేదా? ముఖం గట్ల ఏలాడేసినవ్. నీ బండి లేటా?"

"నేను ఏ బండి కోసమూ చూడను సమ్మక్కా," అన్నాను. మూడేళ్ళలో అదే మొదటిసారి ఆ మాట పైకి అనడం.

"ఔ, నాకెరుకే. ఎన్ని బండ్లొచ్చినా నువ్వు లేవవు గదా!" అని నవ్వింది. "నేనే ఊకె మజాక్ జేస్త."

ఇంక రావడం కుదరదేమోనని, ఇంట్లో కారు కొంటున్నారని చెప్పాను.

"కారొస్తే ఇంకా జల్ది రావొచ్చు గదా!"

"అది ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు ఫోన్లో కనబడుతుందట."

"గంతేనా? మా ఆయన గూడ జూస్తడు ఫోన్ల, నేనేడున్ననో. పొద్దుగాలసంది గీ పిలాట్‌ఫారం మీదనే ఊడుస్తున్ననని ఎరుకే. అయినా జూస్తడు." చీపురు బెంచీ కిందికి పోనిచ్చింది. "కాళ్ళు జర మీదికి వెట్టు."

కాళ్ళు పైకి పెట్టుకున్నాను. నా కింద ఊడుస్తూ పోతున్న ఆమెను చూస్తే సిగ్గేసింది. ఆమెకు ఈ బెంచీ మీద కూర్చునే పది నిమిషాలు కూడా లేవు. పక్కన చోటు చూపించి, "కాసేపు కూర్చో" అన్నాను.

"సూపర్‌వైజర్ వస్తడమ్మా. నువ్వు కూసో. దొరికినోళ్ళన్న కూసోవాలె గదా," అంటూ ముందుకు పోయింది.

ఆ వారమంతా ఇంట్లో తెల్లదీ నీలందీ కొట్టుకుంటూనే ఉన్నాయి. భోజనాల దగ్గర సామాను పెట్టుకునే చోటు గురించి, స్నానాల గది బయట నిలబడి టైర్ల గురించి. బ్యాటరీ ఎన్నేళ్ళుంటుందో మా ఆయన అడిగి తెలుసుకున్నారు. ఎండాకాలం ఏసీ ఎలా ఉంటుందో హర్ష వీడియోలు చూశాడు. ఆ గంటా ఇరవై నిమిషాల మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది కారుకు పట్టే సమయమనే వాళ్ళ లెక్క. కారులో మనిషి కూడా ఉంటుందని తట్టలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాకు జ్వరమొస్తే ఆయన రెండు పూటలా మాత్రలు చేతిలో పెడతారు. కానీ నాకు జ్వరం తగ్గాక ఆ చెయ్యి మళ్ళీ కాఫీ కోసం చాస్తుంది.

శుక్రవారం భోజనాలు పూర్తవుతుండగా దివ్యశ్రీ ఫోన్ చేసింది. చేయి ఎంగిలని మా ఆయన స్పీకర్‌లో పెట్టారు.

"సర్, రేపు బుకింగ్‌కు ఏ మోడలో చెప్తే... యాప్ ఎవరి నంబర్ల మీద పెట్టమంటారు?"

"తెల్లదేనమ్మా. యాప్ నాకూ మా అబ్బాయికీ."

"మేడమ్‌కు వద్దా సర్? రోజూ నడిపేది మేడమే అన్నారు కదా?"

"తనకెందుకమ్మా, తను బండిలోనే ఉంటుంది కదా!"

హర్ష పకపకా నవ్వాడు. నేను మజ్జిగ వంచుతున్నాను. గిన్నె కింద పెట్టాను.

"మా ఆఫీసు ఆరింటికి కాదు, ఐదింటికే అయిపోతుంది," అన్నాను.

ఆయన "మళ్ళీ చేస్తానమ్మా" అని ఎంగిలి చేత్తోనే ఫోన్ కట్టేశారు. "ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళయింది."

"మరి ఆరు దాకా ఎక్కడుంటున్నావ్?"

"నాంపల్లి స్టేషన్‌లో."

"ఎవరి కోసం?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. తెలిసినా గుచ్చుకుంది. హర్ష కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరి కోసమూ కాదు. ఊరికే కూర్చుంటాను."

"మూడేళ్ళు అబద్ధం చెప్పావా వల్లీ?"

"చెప్పాను. ఐదింటికని చెబితే ఐదింటికే ఇంటికి రావాలి కాబట్టి." మజ్జిగ గిన్నె పక్కకు జరిపాను. "మీరు ఏ బండైనా కొనండి. బాగుంటే నడుపుతాను కూడా. ఛార్జింగ్ దగ్గర మాత్రం నేను కూర్చోను. ఆ గంట నేను ఇవ్వలేను."

కంచాలు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. కొళాయి తిప్పి అంట్లు మొదలుపెట్టాను. తర్వాత హర్ష గొంతు మెల్లగా వచ్చింది.

"అయితే ఛార్జింగ్‌కు ఎవరు తీసుకెళ్తారు నాన్నా?"

"నువ్వెళ్ళు. కాలేజీ నుంచి వస్తూ."

"గంటా ఇరవై నిమిషాలా! నాకు ప్రాజెక్టుంది. మీరు షాపు నుంచి..."

"సాయంత్రం బేరాలు వదులుకుని గంటన్నర అక్కడ కూర్చుంటానా?"

కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"నీలంది ముప్పై అయిదే కదరా?"

"ముప్పై అయిదే."

"సరే. నీలందే చెప్పు ఆ అమ్మాయికి. సోమవారం నువ్వు, గురువారం నేను."

వారమంతా తేలనిది అంట్లు తోమేంతలో తేలిపోయింది. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. కొళాయి కట్టి తిరిగేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పోయిన వేసవిలో మా పెద్దమ్మ కూతురు సుభద్రను రైలెక్కించడానికి వెళ్ళినప్పుడు చూశానే నిన్ను. బెంచీ మీద, ఫ్యాను కింద."

"మరి పిలవలేదేం అత్తయ్యా?"

"పిలిస్తే లేచి వచ్చేస్తావు కదా. నా చేతిలో సంచి కూడా అందుకుంటావు."

అంతే అన్నారు. ఆవిడ నన్నెంతసేపు చూశారో, ఏమనుకున్నారో అడగాలనిపించింది. అడగలేదు. పెరుగు తోడు పెట్టడం, గ్యాసు కట్టడం, ఆఖరున వీధి తలుపు వేయడం, ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచీ నా పనులు. పాల గిన్నె మీద చెయ్యి వేయబోతే ఆవిడ దాన్ని తన వైపు లాక్కున్నారు.

"నువ్వెళ్ళి పడుకో. నేను చూసుకుంటా."

మంచం మీద వాలి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి ఆవిడ హాల్లో దీపం ఆర్పి, చప్పుడు కాకుండా వీధి తలుపు మూసి గడియ పెట్టారు.