అటుకమీది కట్టెలు

కృష్ణవేణి కడలిం గలియు నా లంకయూరిపై ప్రళయభైరవునివలె విజృంభించిన కార్తికపు తుపాను వెడలిపోగా, తెగిన కొబ్బరిమట్టలును ఉబ్బిన పశుకళేబరములును తేలియాడు బురదనీటిలో తన ముఖము చూచుకొనుటకు రోసినవానివలె సూర్యుడు వెలవెలబోయి మబ్బుచాటున కేగుచుండెను. నూతులన్నియు వరదతో నేకమై మురుగును కడుపున దాచుకొనియుండెను.

కలకనీటిని తేర్చుటలో నా యూర వృద్ధురాలు నాంచారమ్మ కెదురులేదు. ఆమె చిల్లగింజను సానపై నరగదీసి కడవలో కలిపిన నెంతటి బురదనీరైనను పూటలో నద్దమువలె తేటపడును. గాలివాన వెలిసినది మొదలు ఊరెల్ల బిందెలతో నామె గుమ్మము ద్రొక్కుచుండెను. పడవమీద వచ్చిన నర్సు, తేటపడినంతమాత్రమున నీరు మంచిది కాదనియు కంటి కానరాని క్రిములు చచ్చుటకు కళపెళ కాచి త్రాగవలయుననియు నెంత చెప్పినను, నాంచారమ్మ బిందె ముందుకు త్రోసి, ఇందులో పురుగెక్కడ నున్నదో పట్టి యిమ్మని యెగతాళి చేసెను. ఊరివారును నవ్విరి. నవ్వక చేయునదేమి? కాచుటకు పొయ్యిలో పెట్టదగిన పొడికట్టె యన్నది యెవరింటను లేదాయెను.

మరునాటికి వాంతులును భేదులును పట్టుకొనెను. మొదట పడినది నాంచారమ్మ మనుమరాలే. ఆమె చేతితో తేర్చి పోసిన నీరే ఆ పిల్ల త్రాగినది. నర్సు విడిచిపోయిన ఉప్పుచక్కెర పొట్లము కలుపుటకు కాచిన నీరు కావలెను. కోడలు తిరుపతమ్మ తడిసిన కొబ్బరిడొక్కల నూది యూది, పొగయే గాని సెగ పుట్టక చతికిలబడెను. పిల్ల కన్నులు గుంటలు పడుచుండెను.

నాంచారమ్మ తలయెత్తి అటుకవంక చూచెను. పెంకులు చెదరని యా మూలను మామిడికట్టెలు పొందికగా పేర్చియుండెను. వానకారున పోయిన పెనిమిటి పచ్చికట్టెలపై కాలీకాలక పడియుండుట కన్నులార చూచిన యామె, తనకా గతి పట్టరాదని యేటేట నొకటొకటిగా చేర్చుకొన్న చితికట్టెలవి.

“దించవే వాటిని.”

తిరుపతమ్మ బెదరెను. “పీనుగు కట్టెలు పొయ్యిలో పెడతారా అత్తా? పిల్లకి అసలే బాగోలేదు.”

“పీనుగు ఇంకా కూర్చుని మాట్లాడతానే ఉందిగా. దించు.”

ఎసరు కళపెళ మరిగెను. చల్లార్చి పొట్లము కలిపి చెంచాతో పట్టగా పట్టగా, చాలసేపటికి కడుపున నీరు నిలిచి, పిల్ల యింకను కావలెనని చేయి చాచెను.

వాకిట బిందెలతో నిలిచినవారికి సానరాయి కానరాలేదు. నాంచారమ్మ వారి మొగములు చూడక పలికెను. “నా నీళ్లు తేటే. మంచివి కావు. నర్సమ్మ చెప్పిందే నిజం. కాగినవి పట్టుకుపోండి.”

“మరి రేపు నీ సంగతేంటి నాంచారత్తా?” అని యొకతె మెల్లగా నడిగెను.

“పచ్చికట్టెలే పెట్టండి. ఆ పొగకైనా మీ కళ్లల్లో నీళ్లొస్తాయి.”

సంజవేళకు అటుక బోసిపోయెను. కట్టకడపటి కట్టెను పొయ్యిలోనికి త్రోసి, ఎన్నాళ్లుగనో తన కొరకు రావలసిన చుట్టము వేరొకరింట దిగినట్లు, ఆ ముసలిది యలసటతో నా మంటవంక చూచుచు కూర్చుండెను.