అన్నం ముందు ప్రార్థన

ఈరమ్మ నోరు తెరవడం లేదు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి రెండు రోజులైంది. కోడలు స్వర్ణలత జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చోవడం, ముసలామె కళ్ళూ పెదవులూ గట్టిగా మూసుకోవడం, జావ చల్లారిపోవడం. పూటపూటకీ ఇదే వరస.

పదకొండు రోజుల కింద వచ్చిన పక్షవాతం ఆమె కుడిపక్కను, మాటను పట్టుకుపోయింది. దవాఖానలో గొట్టంతోనే పాలు పోశారు. అది తీసేసి ఇంటికి పంపేటప్పుడు, గొంతుకేం కాలేదు, మింగగలదని డాక్టర్ చెప్పాడు. మూడో రోజు పొద్దుటికల్లా, అంటే రేపటికల్లా, కడుపులో ఏదైనా పడకపోతే తీసుకురండి, ముక్కులోంచి మళ్ళీ గొట్టం వేస్తామనీ చెప్పాడు. స్వర్ణలత తల ఊపింది. ఈ మధ్య ఎవరేం చెప్పినా తల ఊపడమే. ఎయిర్‌పోర్టులో బాత్రూములు కడిగే పని ఆమెది. ఎల్లుండి డ్యూటీకి రాకపోతే లోపలికి పోయే గేటు పాసు తిరిగిచ్చెయ్యమని సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే, దానికీ "సరే సార్" అంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒంట్లో ఉన్నదంతా ఎవరో తోడేసినట్టుంది.

ఆ ఇంట్లో యేసయ్యతో మాట్లాడేది ఈరమ్మ ఒక్కతే. ఎయిర్‌పోర్టు పక్కనే తొండుపల్లిలో తరాలుగా సేద్యం చేసుకున్న ఇల్లు వాళ్ళది. గోడమీద ఎల్లమ్మ పటం ఇప్పటికీ ఉంది. పన్నెండేళ్ళ కింద, భర్త చనిపోయిన ఏడాది, ఈరమ్మ చర్చికి పోవడం మొదలుపెట్టింది. కొడుకు అరుణ్‌కుమార్ వద్దనలేదు, వెంట పోనూ లేదు. చర్చి వారానికోసారే గానీ, ప్రార్థన మాత్రం మూడు పూటలా, కంచం ముందే. అదేమన్నా చిన్న ప్రార్థనా! మోటర్ కాలిన సంగతి, నల్లా రాని సంగతి, కొడుకు నడిపే కారు క్లచ్చు, కోడలి నడుం నొప్పి, ఒక్కటి వదిలేది కాదు. నెత్తిమీద విమానం పోతే మధ్యలో ఆగేది. చప్పుడు తగ్గాక ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకునేది.

"మోటర్ ముచ్చట గూడ దేవునికెందుకత్తమ్మా? మెకానిక్‌కు చెప్తే అయిపాయె. అన్నం సల్లగైతుంది" అని స్వర్ణలత వెక్కిరించేది.

"చెప్పుకుంటె నాకు నిమ్మళమైతదే. నువ్వు తిను" అనేది ఈరమ్మ. తాను మాత్రం ప్రార్థన కానిదే మెతుకు ముట్టేది కాదు.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలిసిన సంగతే. తెలిసీ రెండు రోజులుగా ఒక్కరికీ తట్టలేదు. ఆ మధ్యాహ్నం ఈరమ్మ పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో లాగి పొట్టమీద పెట్టుకుని, రెండూ కలపాలని తంటాలు పడుతుంటే, స్వర్ణలత చెంచా దించింది.

"అత్తమ్మకు ప్రార్థన గావాల్నట" అంది భర్తతో.

అరుణ్‌కుమార్ పాస్టర్‌గారికి ఫోన్ కొట్టాడు. ఆయన మహేశ్వరంలో ప్రార్థన కూటాలకు పోయాడు, ఫోన్ కలవలేదు. ఫోన్లోనే ఏదో ప్రార్థన వెతికి తల్లి చెవి దగ్గర పెట్టాడు. ఎవరో పెద్దాయన గంభీరమైన గొంతుతో లోకమంతటి కోసం వేడుకున్నాడు. ఈరమ్మ పెదవి కదపలేదు. ఈ ఇంటి ముచ్చట అందులో ఒక్కటీ లేదు మరి.

"నువ్వే చెయ్యరాదు" అన్నాడు అరుణ్‌కుమార్.

"నాకేమొస్తది? నీ అమ్మనే గద, నువ్వు చెయ్యి."

"నాతోని గాదే" అని అతను బయటికి పోయి కారు తుడుస్తూ నిలబడ్డాడు. మగవాళ్ళకు అదొక సుఖం, సమయానికి తుడవడానికేదో ఒకటి దొరుకుతుంది.

స్వర్ణలత అత్త లాగే కొంగు తలమీదికి లాక్కుంది. "యేసయ్యా" అంది. తర్వాత ఏమనాలో తెలియలేదు. "జావ తాపుతున్న. అత్తమ్మ తాగాలె. గంతే."

చెంచా పెదవులకు ఆనించింది. ఈరమ్మ నోరూ తెరవలేదు, కళ్ళూ తెరవలేదు.

చాల్లేదు కాబోలనుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "మోటర్ మంచిగనే నడుస్తుంది. నల్లా సోమవారం సంది వస్తలేదు. ఆయన కారుకు మళ్ళ క్లచ్చు పరేషాన్..." రోజూ వినే వరస, నోటికొచ్చేసింది. చెంచా పెట్టి చూసింది. లాభం లేదు.

"ఇంకేం చెప్పాలె? ఎల్లుండి పోకుంటె నా పాసు గుంజుకుంటరట. పోతె అత్తమ్మను ఎవరు చూస్తరు? నాకు ఏడ్పు గూడ వస్తలేదు యేసయ్యా. అత్తమ్మ పడ్డనాడు గూడ రాలె. ఆ పొద్దుగాల, ప్రార్థన జర జల్ది కానియ్యి, నాకు డ్యూటీకి టైమైతుందని కసిరిన. సగంలనే ఆపింది. గా సాయంత్రమే పడిపాయె. నేను గట్ల అనకపోతే..."

విమానం వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. తనకు తెలియకుండానే స్వర్ణలత ఆగింది. చప్పుడు పూర్తిగా తగ్గేదాకా కళ్ళు మూసుకునే కూర్చుంది.

"నన్ను మాఫ్ చెయ్యి" అంది, ఆగిన చోటి నుంచి అందుకుని. "ఇగ నాతోని అయితలేదు. నువ్వే చూసుకో."

చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. పాసు సంగతి అట్లాగే ఉంది, నల్లా సంగతీ అట్లాగే ఉంది. కానీ ఇప్పుడవి చెప్పుకున్న సంగతులు. బిగుసుకున్న భుజాలు పదకొండు రోజుల తర్వాత కిందికి దిగాయి. నిమ్మళమంటే ఇదేనేమో అనుకుంది.

మంచం మీంచి గరగరమని చప్పుడు వచ్చింది. స్వర్ణలత కళ్ళు తెరిచింది.

"ఆ... మ్... మెన్" అంది ఈరమ్మ.

ప్రార్థన ముగించే ఆ ఒక్క మాట కోడలికి గుర్తే రాలేదు. అది పడనిదే ప్రార్థన అయినట్టు కాదని, పాపం, ముసలామె ఇంతసేపూ కాచుకుని, చివరికి తానే అనేసింది. అని, నోరు తెరిచింది.

"సల్లగైంది అత్తమ్మా, వేడి చేసుకొస్త" అని స్వర్ణలత లేవబోయింది. ఈరమ్మ ఎడమచేయి ఆమె కొంగు పట్టుకుంది. నోరు అలాగే తెరిచి ఉంది.