తోడు ఇసక

ఉదయం అయిదూ నలభైకి కుమారి హాల్లో లైటు వేసి, వంటింట్లో పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, ఉప్పునీటి తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. రోజూ చేసే పనే. పాలు పొంగేలోగా అడుగుజాడలు చూసుకోవాలి.

నాలుగడుగుల గాజు తొట్టి అది. అడుగున నాలుగు వేళ్ల మందాన బూడిదరంగు ఇసక, మధ్యలో రాళ్లు, రాళ్ల మీద పగడాలు, వాటి సందుల్లో చేపలు. తెల్లారేసరికి ఆ ఇసక మీద మనిషి పాదాల గుర్తులు పడి ఉంటాయి. ఒక్కో పాదం బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. వేళ్లు కనపడవు. ఆ రోజు జాడలు ఎడమ మూల నుంచి బయల్దేరి, పెద్ద రాయి చుట్టూ తిరిగి, పంపు కింద ఆగాయి.

"ఎందాకా ఎల్లినాడు?" లోపలి గదిలోంచి అత్త శ్యామలాదేవి అడిగింది.

"పంపు దాకా."

"నిన్నా పంపు దాకే కదేటి. నీరసమొచ్చినట్టుంది."

"ఎడం కాలు ఇంకా తేలిగ్గానే పడతంది అత్తా."

"అయితే దెబ్బ మానలేదన్నమాట."

ఆ జాడలు గౌతమ్‌వి. కుమారికి భర్త, శ్యామలాదేవికి ఒక్కగానొక్క కొడుకు. బరంపురంలో స్నేహితుడు శివప్రసాద్‌తో కలిసి రంగు చేపల దుకాణం నడిపేవాడు. ఇంట్లో ఈ తొట్టి తన సరదా కోసం పెట్టుకున్నాడు. దీనికి కావలసిన సముద్రపు నీళ్ల కోసం నెలకోసారి తీరాన ఉన్న సోనేపూర్ వెళ్లేవాడు. బహుదా నది కలిసే చోట నీళ్లు బురదగా ఉంటాయని, దేముడనే అతని పడవ ఎక్కి లోపలికి వెళ్లి, తేట నీళ్లు క్యాన్లలో పట్టుకొచ్చేవాడు. మూడేళ్ల కిందట శ్రావణంలో పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చింది. క్యాన్లు ఆ తర్వాత కొట్టుకొచ్చాయి. ఇద్దరు మనుషులూ దొరకలేదు.

మూడో రోజు ఉదయం తొట్టి ఇసకలో జాడలు కనిపించాయి. అందువల్ల ఆ ఇంట్లో కర్మ జరగలేదు. కుమారి బొట్టు తీయలేదు, తీయమని వాళ్లుండే పేట గోసాని నువాగాంలో ఎవరూ అనలేదు. నడుస్తున్న మనిషికి కర్మ ఎలా చేస్తారు? పక్కింటి ఒడియా ఆవిడ పూలు కోసుకోవడానికి వచ్చినప్పుడల్లా "ఆజి కేతే బాట చాలిలే?" అని, ఇవాళ ఎంత దూరం నడిచాడని అడిగేది. వంకాయలు ఎంతకిచ్చారని అడిగినట్టే ఉండేది ఆ అడగడం.

సోనేపూర్‌లో దేముడి ఇంట మాత్రం గడ్డితో బొమ్మ చేసి కాల్చేశారు. అతని భార్య నీలమ్మ గాజులు తీసేసింది. ఎండుచేపల తట్ట నెత్తికెత్తుకుంది. బుధవారాలు ఈ వీధికి వస్తుంది. ఒకసారి కుమారి ఆమెను లోపలికి పిలిచి తొట్టి చూపించింది. నీలమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, గొంతుక్కూర్చుని, చాలాసేపు చూసింది.

"మీవోడు సదువుకున్నోడమ్మా. దారి పోల్చుకుని ఇంటికొచ్చీనాడు. మావోడికి సముద్రమొకటే తెలుసు, ఇల్లెక్కడ తెలుసు?"

"అలా అనకు నీలమ్మా."

"బతికున్నప్పుడూ అంతేనమ్మా. అన్నానికి పిలిస్తే అలకి సెప్పి వత్తాననేవోడు." లేచి, వెళ్తూ వెళ్తూ గుప్పెడు నెత్తళ్లు ఎక్కువ వేసింది. "మగోడి నడక ఇంట్లో కనిపించడం అదురుష్టం. ఉంచుకోండి."

ఈ ఏడాది మాఘమాసంలో చేపలు చావడం మొదలైంది. ముందు పసుపు చేప, తర్వాత నీలం చేప. పగడాలు ముడుచుకుపోయి, తెల్లబడ్డాయి. శివప్రసాద్ వచ్చి గాజుకి ముఖం ఆనించి పక్కనుంచి ఇసక పొరలు చూశాడు. పైన బూడిద, కింద కాటుక నలుపు. సన్నటి పుల్లతో ఒక మూల గుచ్చితే బుడగ ఒకటి పైకొచ్చి పగిలింది. హాలంతా కుళ్లిన గుడ్డు వాసన.

"ఇసక చచ్చిపోయింది వదినా. కింద విషం పట్టేసింది. ఆ గాలంతా ఒక్కసారి పైకొచ్చిందంటే ఇందులో ఏదీ మిగలదు. మార్చెయ్యాలి."

"సముద్రపు ఇసకే కదా శివా. దానికేం రోగం?"

"సముద్రంలో ఉన్నంతసేపూ ఏం లేదు. నేను అప్పుడే వద్దన్నాను. పేకెట్లలో పగడపు ఇసక వస్తుంది, అది కొందామంటే మనోడు వినలేదు. సోనేపూర్‌లో దేముడు మోకాళ్ల లోతు నీళ్లల్లో దిగి, తొక్కి తొక్కి, తట్టలతో తోడి ఇచ్చేడు. మనోడు బూట్లు ఇప్పకుండా గట్టు మీద నించుని మూటలు కట్టేడు."

శ్యామలాదేవి నవ్వింది. "ఆడికి సిన్నప్పట్నుంచీ ఇసక కాలికంటితే సిరాకు. గోపాల్‌పూర్ తీసుకెల్తే సంక దిగేవోడు కాదు."

కుమారి నవ్వలేదు. "మార్చేస్తే ఆయనెక్కడ నడుస్తారు?"

శివప్రసాద్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "మార్చకపోతే నీళ్లు చస్తాయి. చచ్చిన నీళ్లల్లో మాత్రం ఎలా నడుస్తాడు?"

పద్ధతి వివరించాడు. ఒకేసారి తీసేయకూడదు. చేపల మురికిని తినే కంటికి కనపడని క్రిములు ఆ పాత ఇసకలోనే ఉంటాయి. అవి పోతే తొట్టి పోయినట్టే. వారానికో పావు వంతు తీసి, ఆ చోట కొత్తది పోయాలి. చివర్న చెంబుడు పాత ఇసక ఉంచి, కొత్తదాంట్లో తోడెయ్యాలి.

"పెరుక్కేసినట్టా?" అంది శ్యామలాదేవి.

"అంతే పిన్నీ. తోడు పడందే ఏదీ నిలవదు."

కుమారి పట్టుచీరకి ఫాల్ కుడుతోంది. సూది ఆగింది.

మొదటి ఆదివారం చేపల్ని ప్లాస్టిక్ తొట్టెలోకి మార్చారు. శివప్రసాద్ రబ్బరు గొట్టం నోట పెట్టి పీల్చి, బకెట్‌లోకి వదిలాడు. మాడిన గంజిలాగా నల్లటి ఇసక నీళ్లతో కలిసి జారింది. శ్యామలాదేవి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు తెరిచింది. ఖాళీ అయిన చోట, పైపు గుండా కొత్త ఇసక నిదానంగా దింపారు. అది చూడలేనంత తెల్లగా ఉంది. బకెట్‌కి మూత పెట్టి పెరట్లో ఉంచారు.

సోమవారం ఉదయం జాడలు తెల్ల ఇసక అంచు దాకా వచ్చాయి. ఎరగని వాళ్ల గుమ్మం దగ్గర ఆగినట్టు ఆగి, వెనక్కి తిరిగాయి. వారమంతా అంతే.

రెండో ఆదివారం తర్వాత సగం తొట్టి మిగిలింది. మూడో ఆదివారం తర్వాత ఒక మూల మాత్రమే. ఆ మూలలో జాడలు ఒకదాని మీద ఒకటి పడి, చిన్న గదిలో మూసేసిన మనిషి తిరిగినట్టు, ఇసక గుంటలు పడిపోయింది.

"ఆపేద్దాం శివా," అంది కుమారి. "ఈ కాస్తా ఉండనీ."

"ఉన్న విషమంతా ఆ కాస్తలోనే ఉంది వదినా."

ఆ గురువారం నారింజ చారల జంటలో మగచేప వెల్లకిలా తేలింది. ఆడచేప దాని చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. శ్యామలాదేవి చూసి, చెంచాతో చచ్చినదాన్ని తీసి, తులసి మొక్క మొదట్లో పాతిపెట్టి వచ్చింది.

"నా కొడుకు ఆ కంపులో తిరగతన్నాడే," అంది. "మార్చీమను."

నాలుగో ఆదివారం చెంబు కుమారే పట్టుకుంది. జాడలు ఎక్కువగా ఉన్న చోటు చూసి, మోచేతి దాకా నీళ్లలో పెట్టి నింపుకుంది. మిగతాదంతా బకెట్‌లోకి పోయింది. చెంబుడు ఇసకనీ ముందు గాజు దగ్గర, అరచేతి వెడల్పున పరిచింది.

మర్నాడు పీట మీద కూర్చుని చూసేసరికి ఆ అరచేతంత ఇసక మధ్యలో రెండే పాదాలున్నాయి. పక్కపక్కన.

"ఎందాకా ఎల్లినాడు?"

"ఎక్కడికీ ఎల్లలేదు అత్తా. నించున్నారు."

"ఎటేపు తిరిగి?"

"మనేపే."

శ్యామలాదేవి గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ చూస్తుండగా వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆ మధ్యాహ్నం శివప్రసాద్ బకెట్ల కోసం ఆటో తెచ్చాడు. "మన కాలవలో పోసేస్తే పోలా?"

"వద్దు," అంది కుమారి. "ఆయన నడిచిన ఇసక. మురిక్కాలవలో పొయ్యకు. ఎక్కడ తోడేరో అక్కడే పోసి రా."

శివప్రసాద్ సోనేపూర్ వెళ్లి, పడవలు లాగిపెట్టే చోట బకెట్లన్నీ బోర్లించి వచ్చాడు.

మంగళవారం తొట్టిలో జాడలు లేవు. అరచేతి ఇసక నున్నగా ఉంది. బుధవారమూ అంతే. ఆ బుధవారం నీలమ్మ కూడా వీధికి రాలేదు. శుక్రవారానికి పగడాలు విచ్చుకున్నాయి. ఆడచేప మేత తిన్నది. శివప్రసాద్ వచ్చి, చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి తలూపాడు.

"తోడుకుంది వదినా. ఇంక దీనికి ఢోకా లేదు."

కుమారి రోజూ అయిదూ నలభైకే లేచింది. పీట వేసుకుంది. పాలు పొంగేలోగా లేచి వెళ్లి దించేది. శ్యామలాదేవి లోపలి గదిలోంచి అడగడం మానేసింది. ఒక రోజు మాత్రం, "పంతులుగారికి కబురెట్టమంటావేటి?" అంది.

"ఇంకొన్నాళ్లు చూద్దాం అత్తా. దారి మారింది కదా. వెతుక్కుంటున్నారేమో."

తర్వాతి బుధవారం నీలమ్మ వచ్చింది. అరుగు మీద తట్ట దించింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా ఎర్ర గాజులు. శ్యామలాదేవి కళ్లజోడు సర్దుకుంది.

"ఏటే నీలమ్మా, ఇది?"

"మావోడొచ్చీనాడు పెద్దమ్మా." నీలమ్మ గొంతు తగ్గించింది, దిష్టి తగులుతుందన్నట్టు. "పోయిన వారం మంగళారం తెల్లారి లెగిసి సూద్దును కదా, పడవల కాడ్నుంచి మా గుమ్మం దాకా అడుగులే. అప్పట్నుంచి రోజూ వత్తన్నాడు. గుమ్మం ముందు నించుని, ఎల్లిపోతన్నాడు. మా పెద్దోలంతా సూసి, బొట్టెట్టుకోమన్నారు."

"మరి మూడేల్లూ ఎక్కడున్నాడంటావు?"

"ఏమో. ఎక్కడ తిరిగినాడో, ఎవులింట తిన్నాడో. వచ్చినాక అడిగి ఏటి సేత్తాం?"

కుమారి ఒళ్లో చీర ఉంది. సూదిలో దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు.

"ఎడం కాలు తేలిగ్గా పడతాదా నీలమ్మా?"

నీలమ్మ తలెత్తింది. "మీకెవులు సెప్పినారమ్మా?"

"ఎవరో అన్నారు."

నెత్తళ్లు గుప్పిళ్లతో కొలిచి పోస్తూ నీలమ్మ చెప్పింది. దేముడికి పదేళ్లప్పుడు పడవ ఒడ్డుకి లాగుతుంటే ఎడమ పాదం దాని కింద పడింది. చివరి రెండు వేళ్లూ పోయి, అప్పట్నుంచి ఆ కాలు తేలిగ్గా పడేది. ఆ జాడ సోనేపూర్‌లో పసిపిల్లలు కూడా పోలుస్తారు.

గౌతమ్‌కి పది వేళ్లూ ఉండేవి.