పోటులో ఎత్తిన తూము

నాగసతీష్‌ని చెరువు గట్టు మీద కరెంటు స్తంభానికి కట్టేసి కొడుతున్నారని తెలిసి, మా సర్పంచి అబ్రహాము గారు తింటున్న అన్నం వదిలేసి బండెక్కారు. మేమంతా వెనకాల పరిగెత్తాం.

అబ్రహాము గారిది మా ఊరు కాదు. రొయ్యల చెరువులు తవ్వే కూలీగా పల్నాడు నుంచి వచ్చారు. మొదట్లో ఆయనకి ఎవరూ గది అద్దెకివ్వలేదు. మోటారు షెడ్డులో పడుకునేవారు. మా ఊరి సలోమి గారిని పెళ్లి చేసుకుని, కూలీల తరఫున మాట్లాడి, వార్డు మెంబరై, తర్వాత సర్పంచయ్యారు. ఇప్పుడు ఐ.పోలవరం దాకా చెరువుల తగాదా ఏదొచ్చినా తీర్పు ఆయనే చెప్పాలి.

మేం వెళ్లేసరికి నాగసతీష్ నోట్లోంచి రక్తం కారుతోంది. ఒక కన్ను మూసుకుపోయింది. ఎదురుగా బంగారరాజు ఇనప గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. అతనికి కాలవ పొడుగునా పైనొకటి, కిందొకటి రెండు చెరువులు. పై చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలాయి. పక్క చెరువు నాగసతీష్‌ది. అందులో కిందటి వారమే తెగులు పడింది. ఆ నీళ్లు అందరూ తోడుకునే కాలవలోకి వదిలింది నాగసతీషేనని బంగారరాజు పట్టుదల.

"ఆపండి, రాజు గారూ."

"తప్పుకోండి. బతకడానికొచ్చినోరు మీరు. మా చెరువుల సంగతి మీకేం తెలుసండీ?"

"సగం నేనే తవ్వేనండి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి బంగారరాజు గొట్టమెత్తి నాగసతీష్ తల మీదకి దించాడు. అబ్రహాము గారు కుడిచెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు మాకందరికీ వినబడింది.

ఆయన గట్టు మీద కూలబడి, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, బంగారరాజు పాలేరు తాతాజీని పిలిచారు.

"మీ కింద చెరువు తూము ఈ వారంలో ఎత్తేరా?"

తాతాజీ యజమాని వైపు చూశాడు. "ఎత్తేమండి. దాన్లో రొయ్యకి తెగులొచ్చిందండి. ఎవరికీ చెప్పకుండా నీళ్లు వదిలెయ్యమన్నారండి."

"పోటులోనా, పాటులోనా?"

"పోటులోనండి. అప్పుడు పై చెరువు మోటారు కూడా ఆడుతూనే ఉందండి."

సముద్రం వెనక్కి తగ్గే పాటులో వదిలితే నీళ్లు సముద్రంలోకి పోతాయి. సముద్రం ఎదురెక్కే పోటులో కాలవ వెనక్కి పారుతుంది. బంగారరాజు వదిలిన తెగులు నీళ్లని అతని మోటారే తోడి అతని పై చెరువులో పోసింది. బంగారరాజు చేతిలోంచి గొట్టం జారిపోయింది.

"తప్పు రాజు గారిది. సతీష్ కట్లు విప్పండి," అన్నారు అబ్రహాము గారు.

విప్పగానే నాగసతీష్ ఆ గొట్టం అందుకుని బంగారరాజు మొహం మీద కొట్టాడు. పళ్లు రాలాయి. కింద పడ్డాక మోకాలి మీద ఇంకోటి వేశాడు. మూడోది ఎత్తబోతే నలుగురు కలిసి పట్టుకున్నారు.

"తప్పు ఆయనదేనని మీరే అన్నారు కదండీ, బాబాయ్ గారూ."

"అన్నాను. మరి ఈ దెబ్బలెవరివి?"

అబ్రహాము గారు ఎడంచేత్తో ఫోను తీసి ముందు అంబులెన్సుకి, తర్వాత పోలీసులకి చేశారు. కొట్టినవాళ్లుగా ఇద్దరి పేర్లూ చెప్పారు. నాగసతీష్ నేల మీద చతికిలబడి, రక్తం మింగుతూ అడిగాడు.

"నా ప్రాణం కాపాడి, మీరే నన్ను పట్టిస్తారాండీ?"

"ఆయ్," అని మా ఊరివాళ్లలాగే తలూపారు అబ్రహాము గారు.