స్విచ్చి వేసిందెవరు

ఆ ఇంట్లో గీజరు స్విచ్చి స్నానాలగదిలో కాదు, బయట నడవాలో ఉంటుంది. అటుగా వెళ్ళే ప్రతివాళ్ళకీ దాన్ని నొక్కిపోవడం అలవాటు. తమకి అవసరం ఉన్నా లేకపోయినా, తరవాతివాళ్ళకి నీళ్ళు కాగి ఉంటాయి కదా అని. అత్తగారు నేర్పిన అలవాటే అది. కాపురానికొచ్చిన కొత్తలో ఇది చూసి కోడలు ఎంత మురిసిపోయిందో! ఇవాళ మాత్రం ఆ స్విచ్చి వంక చూస్తేనే ఆమెకి గుండె పీచుపీచుమంటోంది.

ఎందుకంటే, అత్తగారికి ఈమధ్య మతిమరుపు ముదిరింది. మొన్న పాలగిన్నె పొయ్యిమీద పెట్టి మేడెక్కి కూర్చుంది. గిన్నె మాడి బొగ్గయింది. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే అమ్మని వృద్ధాశ్రమంలో చేర్పించక తప్పదని కొడుకు ఆ పూటే తేల్చి చెప్పాడు. చెడ్డవాడేం కాదు పాపం, హడలిపోయాడు. అత్తగారు పక్కగదిలోంచి అంతా విన్నది. తెల్లారేసరికి మరిచిపోతుందిలే అనుకున్నారు మొగుడూ పెళ్ళాలు. ఖర్మ కాకపోతే, ఆ ఒక్క ముక్కే ఆవిడకి గుర్తుండిపోయింది.

గోరుచుట్టు మీద రోకలిపోటులా గీజరు మొరాయించింది. లోపల గులకరాళ్ళు ఉడుకుతున్నట్టు ఒకటే చప్పుడు, నీళ్ళు చూస్తే గోరువెచ్చన దాటవు. బోరునీళ్ళ మడ్డి అడుగున పేరుకుపోయిందన్నమాట. ప్లంబరేమో రేపొస్తా, మాపొస్తా అంటూ తిప్పుతున్నాడు. కిందటేడు అతను కడుగుతుంటే పక్కన నించుని చూశాను కదా అన్న ధీమాతో కోడలే కొంగు దోపింది.

స్విచ్చి ఆపింది. గీజరులోకి నీళ్ళొచ్చే కుళాయి బిగించింది. వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి వదిలేసి, అడుగున ఉన్న బిరడా విప్పి గొట్టం తగిలించింది. ఇక మిగిలింది అత్తగారు. ఖాళీ గీజరుకి కరెంటు తగిలితే లోపలి కాయిల్ మాడిపోతుంది. ఆ సమయానికి తన తడిచెయ్యి దానిమీద ఉంటే ఇంక చెప్పేదేముంది? అందుకని పెద్దావిడని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఉతికిన బట్టలు ఒళ్ళో పోసి మడతలు పెట్టమంది. స్విచ్చి జోలికి వెళ్ళొద్దని చెప్పింది. మళ్ళీ చెప్పింది. గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి మరీ చెప్పింది.

"వెళ్ళనే తల్లీ. నేనేం చంటిపిల్లనా?" అని నొచ్చుకుంది అత్తగారు.

నీళ్ళు మొదట తేటగా, తరవాత పచ్చగా, ఆపైన సున్నపు పెచ్చులతో వచ్చాయి. ఇన్నాళ్ళూ ఈ మురికితోనా స్నానాలు చేశాం అని కోడలు ముక్కు చిట్లించింది. నీళ్ళన్నీ దిగిపోయాయి గానీ మడ్డి దిగలేదు. ఏదో పెద్ద పెచ్చు బిరడా దగ్గర అడ్డుపడింది. పొడవడానికి సన్నటి తీగ కావాలి. పెరట్లోకి పరుగెత్తి సామాన్ల డబ్బా బోర్లించింది. చేతులు తీగ వెతుకుతున్నాయన్న మాటే గానీ ప్రాణమంతా నడవాలోనే ఉంది.

తీగ పట్టుకుని వచ్చేసరికి గీజరుమీద ఎర్రలైటు వెలుగుతోంది. గదంతా మాడు వాసన. నడవాలో, సరిగ్గా స్విచ్చి పక్కన, మడతపెట్టిన తువ్వాళ్ళతో అత్తగారు నించునుంది.

కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క అంగలో వెళ్ళి స్విచ్చి ఆపింది. కాయిల్ పోయిందని కాదు ఆమె దిగులు. ఆయన ఇంకొక్కసారి అన్నాడే, ఆ ఒక్కసారీ వచ్చేసింది. అంతలోనే వీధి గుమ్మంలోంచి, ఏమిటీ వాసన అంటూ భర్త లోపలికొచ్చాడు. ఆలోచించుకునే వ్యవధి కూడా లేకపోయింది.

"నేనేనండీ. గీజరు కడుగుతూ, చూసుకోకుండా స్విచ్చి వేసేశాను," అంది.

అతను అరుస్తాడనుకుంది. అరవలేదు. స్విచ్చి వంకా తల్లి వంకా చూశాడు. తను ఇందాకే వచ్చానని, ఒంటినిండా ఫ్యాక్టరీ మసి ఉంటే స్నానం చేద్దామని ఎప్పట్లాగే స్విచ్చి నొక్కి, బండి లోపల పెట్టడానికి వీధిలోకి వెళ్ళానని మెల్లిగా చెప్పాడు. గీజరు విప్పిన సంగతి తనకెవరు చెప్పారు గనక?

కోడలు నాలిక కరుచుకుంది. చూడబోతే, తను ఇంతసేపూ కాపలా కాసింది ఒక్క మనిషినే.

"వేసింది నేనమ్మా," అన్నాడు కొడుకు తల్లితో.

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి చిన్నగా నవ్వింది.

"తనూ వేశానంటుంది, నువ్వూ వేశానంటున్నావు. ఒక్క స్విచ్చి ఇద్దరెలా వేస్తార్రా? నన్ను వెనకేసుకొస్తున్నారని ఆమాత్రం తెలీదూ నాకు?"

తను చెప్పింది అబద్ధమనీ ఆయన చెప్పిందే నిజమనీ కోడలు ఒట్టు వేసింది. ఒట్లు పెరిగినకొద్దీ పెద్దావిడకి అనుమానం గట్టిపడింది తప్ప తగ్గలేదు. కొడుకు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, నిన్నెక్కడికీ పంపనమ్మా అంటూ ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"ఇవాళంటే గీజరు మాడింది. అమ్మాయి చెయ్యి దానిమీదుంటే ఏమయ్యేదిరా?" అంది అత్తగారు, చీరకొంగుతో అతని మొహంమీది మసి తుడుస్తూ. "వేసినట్టు నాకు గుర్తులేదు నాన్నా. గుర్తులేదు గనకే, నేనే అయ్యుంటాను. ఆ ఆశ్రమమేదో తొందరగా చూడు."