గొర్రెతోలు మెత్తలు

స్టేషను దగ్గరి తన అంగట్లో బస్సు సీటుకు చివరి కుట్టు వేసి దారం పంటితో తెంపుతుండగా గౌస్‌సాబ్ ముందు ఒక గుడ్డసంచి దిగింది. తలెత్తకుండానే అతడు సంచి తెచ్చిన మనిషి పాదాలు చూశాడు. దుమ్ము పట్టిన హవాయి చెప్పులు, ఒకదాని వారుకు పిన్నీసు. సంచిలోంచి బయటికి వచ్చిన వస్తువు మాత్రం ఆ చెప్పుల మనిషిది కాదని చూడగానే తెలిసిపోయింది.

అది హెడ్‌ఫోను. మామూలుది కాదు. చిన్న సాసర్లంత నల్లటి బిళ్ళలు రెండు, వాటిని కలుపుతూ ఉక్కుపట్టీ. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. చెవుల మెత్తలు చిరిగి లోపలి స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. దాంతోపాటు ఇంకొకటి, బెంగుళూరు ఫుట్‌పాత్‌ల మీద దొరికే తేలికపాటిది. ఒక టేప్‌రికార్డరు, క్యాసెట్టు కూడా ఉన్నాయి.

"ఈ చిన్నది తేలికే గానీ గొంతు కీచుమంటాది. పెద్దదాని గొంతు బాగుండాదన్నా. పెట్టుకుంటే చెవులు నొస్తాయంటాది. మెత్తలు కుట్టియ్యాల" అన్నాడా మనిషి.

"ఎవరంటారు?"

"ఉండారులే ఒకరు."

"నీ పేరేమబ్బా? యాడ నీది?"

"జయరాముడు. ధర్మవరం. మగ్గం నేస్తా."

"ధర్మవరంలో సీట్లు కుట్టేటోళ్ళు లేరా?"

"అడిగినా. చేతగాదన్నారు. బస్సు డ్రైవరొకాయన నీ పేరు చెప్పినాడు."

"ఇంత వస్తువు నీకు యాడిది?"

"మా శావుకారుది. ఆయప్పకు సింగపూరు నుంచి ఎవరో తెచ్చిచ్చిరంట. అడిగితే ఇచ్చినాడు." ఆ మాట అంటున్నప్పుడు కూడా అతని చూపు రోడ్డు మీదే ఉంది. "మద్యాన్నం బండికి మళ్ళీ వస్తానన్నా" అని, ఇంకో ప్రశ్నకు చిక్కకుండా స్టేషను వైపు దాదాపు పరుగు తీశాడు.

శావుకారు అడగ్గానే ఇచ్చేశాడట! గౌస్‌సాబ్ ఆ వస్తువులను బల్ల కిందికి నెట్టి, మీద గోనెపట్టా కప్పాడు.

అతడు పుట్టు అనుమానస్థుడు కాదు. తండ్రి లాల్‌సాబ్ జట్కాబండ్లకు పరుపులు కుట్టేవాడు. జట్కాలు పోయాక కొడుకు బస్సులకు, స్కూటర్లకు సీట్లు కుట్టసాగాడు. వయసులో ఉండగా ఎవరో ఒకడు అడుగున దొంగ అర ఉన్న తోలుసంచి కుట్టించుకుపోయాడు. ఆ సంచి దొంగ పట్టుచీరలతో దొరికింది. కుట్టినవాడివి నువ్వే కదా అని పోలీసులు గౌస్‌సాబ్‌ను తీసుకుపోయి గోడకానించి కూర్చోబెట్టారు. కొట్టలేదు. బజారంతా వచ్చి చూసిపోయింది. అప్పటినుంచి పాలవాడి చెంబులోకి తొంగి చూడకుండా పాలు పోయించుకోడు. "దేవుడిచ్చిన అన్నాన్ని గూడా వాసన చూసే తింటావు" అంటుంది భార్య రహమత్‌బీ.

అయినా చేతికి వచ్చిన పనిని ఆపడం అతనికి చేతకాదు. కాసేపటికి గోనెపట్టా తీసి పాత మెత్త ఊడదీశాడు. లోపల మామూలు స్పీకరులో ఉండే గుండ్రటి కాగితం లేదు. బెజ్జాల రేకుల మధ్య గాలికి కూడా వణికేంత పల్చటి పొర పరిచి ఉంది. చేతిలోని సూది వేళ్ళ నుంచి జారి టక్కుమని ఆ రేకుకు అతుక్కుంది. అయస్కాంతాలు! ఇది పాటలు వినే వస్తువేనా?

తేల్చుకోవడానికి టేపు పెట్టి ముందు చిన్నది తగిలించుకున్నాడు. రేడియోలోంచి పట్టిన పాటలు. గొంతు రేకుడబ్బాలో పాడినట్టుంది, డోలక్కు గోరుతో గీకినట్టుంది. తరువాత పెద్దది పెట్టుకున్నాడు. చెవుల మీద గట్టిగా ఒత్తి పట్టుకుంటే డోలక్కు పొట్టలోకి దిగింది. పాడే మనిషి మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. చెయ్యి వదిలితే, చిరిగిన మెత్తల సందుల్లోంచి డోలక్కు వెళ్ళిపోయింది. ఒక పాట అయ్యేసరికి చెవి ఎముక మండింది.

ఒత్తితే నొప్పి, ఒత్తకపోతే పాట లేదు. ఒత్తకుండానే సందు మూయాలి. పెళ్ళివారి కారు సీటుకని దాచుకున్న మెత్తటి గొర్రెతోలు కత్తిరించి, లోపల కొత్త దూది పెట్టి మందంగా కుట్టాడు. బరువు నడినెత్తిన పడకుండా ఉక్కుపట్టీ కింద వెడల్పాటి గుడ్డవారు కట్టాడు.

మధ్యాహ్నం బండి వచ్చింది, వెళ్ళింది. జయరాముడు రాలేదు.

అనుకున్నంతా అయింది. వస్తువు ఇక్కడ వదిలేసి వాడు జారుకున్నాడు. రేపు పోలీసులు వస్తారు. మళ్ళీ బజారంతా వచ్చి చూస్తుంది. ఈలోగా దాన్ని వాడికే అప్పగించి రావాలని గౌస్‌సాబ్ టోపీ పెట్టుకుని, సంచి చంకన ఇరికించుకుని ధర్మవరం పోయే ప్యాసింజరు ఎక్కాడు. పెనుకొండలో ఒక కానిస్టేబులు ఎక్కి సరిగ్గా ఎదురుగానే కూర్చున్నాడు. గౌస్‌సాబ్ సంచిని కాళ్ళ మధ్యకు లాక్కుని, కిటికీలోంచి కొండమీది కోట చూస్తున్నట్టు నటించాడు. ధర్మవరం దాకా మెడ తిప్పలేదు.

పేరు చెప్పి అడుగుతూ నేతగాళ్ళ వీధికి చేరాడు. ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడుతోంది. జయరాముడి ఇంట్లో మాత్రం ఆగి ఉంది. గుమ్మంలో గౌస్‌సాబ్‌ను చూసి జయరాముడు తెల్లబోయాడు.

"నువ్వొస్తివా అన్నా! నేను ఇంటికొచ్చేతలికే మా ఇంటామెకు ఊపిరి ఆడ్లేదు. ఇడిసిపెట్టి రాలేకపోతి."

మగ్గం పక్కన నులకమంచం మీద అతని భార్య కుళ్ళాయమ్మ పడుకుని ఉంది. ముఖమంతా చిక్కిపోయి, చెవులు మాత్రమే మిగిలినట్టుంది. వాటి చుట్టూ కందిన మచ్చలు. మగ్గం దగ్గర జీవితమంతా రేడియో వింటూ చీరలు నేసిందట. ఇప్పుడు రేడియో పెంచితే తల పగిలిపోతుంది. తగ్గిస్తే పక్క మగ్గాల చప్పుడులో వినిపించదు. ఆమె చీరలతో పేరు తెచ్చుకున్న శావుకారు చూడటానికి వచ్చినప్పుడు, జయరాముడు అడిగితే తన హెడ్‌ఫోను ఇచ్చి పోయాడు. ఆమె రోగం పేరు నోటితో అనలేకే జయరాముడు పొద్దున గౌస్‌సాబ్ ప్రశ్నల ముందు నిలవలేకపోయాడు.

"పనిగట్టుకోని వస్తివే!" అన్నాడు జయరాముడు.

"సరిపోతాదో లేదో సూడాలని వచ్చినా" అన్నాడు గౌస్‌సాబ్. అతనివైపు చూడకుండా సంచి విప్పాడు.

కుళ్ళాయమ్మ చెవులకు హెడ్‌ఫోను తనే పెట్టాడు.

"నొప్పి ఉండాదామ్మా?"

"లే...దు. బాగుండాది."

అతడు నమ్మలేదు. మెత్తకూ చెవికీ మధ్య చిటికెనవేలు దూర్చి చూశాడు. ఎడమవైపు ఒరుసుకుంటోంది. పట్టీని మోకాలికి ఆనించి వంచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ వేలు దూర్చాడు. ఈసారి వేలు సుళువుగా తిరిగింది. అప్పుడు టేపు నొక్కాడు.

కుళ్ళాయమ్మ కళ్ళు మూసుకుంది. "ఆ చిన్నది దూరంగా యాడో అరిసినట్లుండె" అంది కాసేపటికి. "ఇది పక్కన కూసోని పాడతాండాది." దుప్పటి మీద ఆమె కుడిచెయ్యి అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలింది.

మగవాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగారు. లోపల టేపు మీట టక్కుమని లేచింది. క్యాసెట్టు తిప్పడానికి జయరాముడు లోపలికి పోయి ఎంతకీ బయటికి రాలేదు. గౌస్‌సాబ్ వెళ్ళి చూశాడు. దుప్పటి మీద చెయ్యి ఆగిపోయి ఉంది, ఊపిరి కూడా.

మంచం కోడు పట్టుకుని కూర్చున్న జయరాముడు, "నొప్పి లేదనే కదన్నా చెప్పింది?" అన్నాడు.

"లేదబ్బా. నేను వేలు పెట్టి సూసినా."

గౌస్‌సాబ్ రెండు చేతులతో హెడ్‌ఫోను తీసి దిండు పక్కన పెట్టాడు. వీధిలో మగ్గాలు ఒకటొకటిగా ఆగుతున్నాయి. కొత్త గొర్రెతోలు మీద ఆమె చెవుల వెనకభాగం ఆనినచోట రెండు సన్నటి గుంటలున్నాయి. దూది ఇంకా పైకి లేవలేదు.